నిమ్మకాయల నుంచి నిమ్మ ఉప్పు తీసే యూనిట్ పెట్టొచ్చా? యాసిడ్ల మధ్య ముప్పై రెండేళ్ళు గడిపినవాడి జవాబు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. నువ్వు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశావు. తెనాలి దగ్గర మీ నాన్నగారికి నిమ్మతోట ఉంది. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా గిట్టక కాయ చెట్టు కిందే రాలి కుళ్ళిపోతోంది. ఆ కాయల్లోంచి సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు, తీసే చిన్న యూనిట్ పెట్టొచ్చా? అది కాకపోతే చింతపండు నుంచి టార్టారిక్, పిండి నుంచి ఆక్సాలిక్, ఆల్కహాల్ నుంచి ఎసిటిక్, వీటిలో ఏదైనా రసాయన పద్ధతిలో బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల నిలబడుతుందా? చేతిలో పాతిక లక్షలు ఉన్నాయి. ఇదీ నువ్వడిగింది.

నేను షిఫ్ట్ కెమిస్టుగా మొదలై ప్రొడక్షన్ మేనేజరుగా రిటైరయ్యాను. ముప్పై రెండేళ్ళు ఆర్గానిక్ యాసిడ్లు, వాటి సాల్టుల మధ్యే ఉద్యోగం. ఇప్పుడు పటమటలో ఉంటున్నాను. పాతిక లక్షలంటే మీ నాన్నగారి చెమట. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

కాలేజీలో మనకి సమీకరణం నేర్పుతారు. బాణం గుర్తుకి కుడిపక్క యాసిడ్ పేరు రాసేస్తే మార్కులు పడతాయి. ఫ్యాక్టరీలో అసలు పని అక్కడ మొదలవుతుంది. ఆ యాసిడ్ ఎక్కడుంది? నీళ్ళలో కరిగి ఉంది. దాంతోపాటు చక్కెర, రంగు, ఉప్పు, జిగురు అన్నీ ఉన్నాయి. ఆ నీళ్ళలోంచి యాసిడ్‌ని ఎలా బయటికి లాగుతావు? లాగాక మిగిలిన నీళ్ళని ఎక్కడ పోస్తావు? ఏ యాసిడ్ గురించి ఎవరు ఆశపెట్టినా ముందు ఈ రెండే అడుగు. నీ నాలుగు ఆలోచనల్నీ నేను ఇదే కొలతతో చూస్తాను.

నిమ్మకాయతో మొదలుపెడదాం. దీని పద్ధతి చాలా పాతది, చాలా అందమైనది. స్వీడన్‌లో షీలే అనే మందుల దుకాణంవాడు 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ యాసిడ్‌ని స్ఫటికాలుగా తీశాడు. అంతకు ముందే ఆయన టార్టారిక్, లాక్టిక్, ఆక్సాలిక్ కూడా తీశాడు. 43 ఏళ్ళకే పోయాడు పాపం. ఆయన కిటుకు సున్నం. రసంలో ఉన్న యాసిడ్‌ని సున్నంతో కట్టేసి కాల్షియం సిట్రేట్‌గా కిందికి దింపడం, కడగడం, దాని మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి సిట్రిక్‌ని మళ్ళీ విడిపించడం.

ఇది నువ్వు ఇంట్లోనే చూడొచ్చు, తప్పకుండా చూడు. పది కాయలు పిండి రసాన్ని ఒక పొంగు రానిచ్చి, చల్లారాక పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టు. కిళ్ళీకొట్టు సున్నాన్ని నీళ్ళలో కలిపి, పులుపు చచ్చేదాకా కొంచెం కొంచెంగా రసంలో వెయ్యి, పీహెచ్ పేపరు 7 చూపించేదాకా. ఇదంతా చల్లగా ఉన్నప్పుడే చెయ్యి. కరగని సున్నపు నలకలు ఉంటే వాటినీ వడకట్టెయ్యి. ద్రవం దాదాపు తేటగా ఉంటుంది, ఏమీ జరగలేదేమో అనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని పొయ్యి మీద పెట్టు. మరుగు వచ్చేసరికి గిన్నె అంతా తెల్లగా మసకబారి, అడుగున మెత్తటి తెల్లటి పొడి దిగుతుంది. మామూలు పదార్థాలు వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతాయి, కాల్షియం సిట్రేట్ చల్లటి నీళ్ళలో ఎక్కువ కరుగుతుంది. అందుకే వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారనిస్తే సరుకు మళ్ళీ నీళ్ళలోకి పోతుంది. ట్రైనీలందరికీ మొదటిరోజు ఈ ప్రయోగమే చేయించేవాణ్ణి. ఆ మసక వచ్చే క్షణంలో వాళ్ళ మొహాలు చూడాలి.

సరే, ఇప్పుడు లెక్క. టన్ను కాయ పిండితే 400 కిలోల రసం వచ్చిందనుకో. అందులో యాసిడ్ 6 శాతం వేసుకో. అంటే గ్రాము నష్టం లేకుండా వచ్చినా 24 కిలోలు. దాన్ని పట్టుకోడానికి కనీసం 14 కిలోల, నీళ్ళు చల్లి పొడి చేసిన సున్నం, విడిపించడానికి సుమారు 18 కిలోల సల్ఫ్యూరిక్ కావాలి. చివరికి 24 కిలోల సిట్రిక్ పక్కన 32 కిలోల జిప్సం మిగులుతుంది. అంటే సరుకు కంటే చెత్త ఎక్కువ. ఇంకా చక్కెర నీళ్ళు ఉన్నాయి, పిప్పి ఉంది, వడపోత గుడ్డని అరగంటలో మూసేసే పెక్టిన్ అనే జిగురు ఉంది. ఆ తర్వాత పలచటి సిట్రిక్ ద్రావణాన్ని వ్యాక్యూమ్ కింద చిక్కబరచాలి, కార్బన్‌తో రంగు తియ్యాలి, స్ఫటికాలు కట్టించాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. 36.6 డిగ్రీలకి పైన నీరులేని స్ఫటికం కడుతుంది, కింద నీరున్న స్ఫటికం కడుతుంది. మన మే నెలలో షెడ్డు ఆ గీతకి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. రెండూ కలిసిన సరుకు బస్తాలో గడ్డ కడుతుంది, కొన్నవాడు తిప్పి పంపుతాడు.

టన్ను నిమ్మకాయలకి 24 కిలోలు. మార్కెట్లో కిలో నిమ్మ ఉప్పు ధర కనుక్కుని 24తో హెచ్చించి చూడు. కాయ ఉచితంగా వచ్చినా కూలి, ఆవిరి ఖర్చు పోను ఏమీ మిగలదు. ఒకప్పుడు ఇటలీవాళ్ళు ఇదే వ్యాపారం చేశారు. కాల్షియం సిట్రేట్‌ని ఓడల్లో ప్రపంచమంతా పంపారు. 1917లో జేమ్స్ కరీ అనే ఆయన ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్లబూజు చక్కెరని సిట్రిక్ యాసిడ్‌గా మార్చడంలో ఎంత దిట్టో చూపించాడు. రెండేళ్ళకే అమెరికాలో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. అక్కడితో నిమ్మకాయ వ్యాపారం అయిపోయింది. ఇవాళ నువ్వు కొనే నిమ్మ ఉప్పు ఏ నిమ్మకాయనీ చూసి ఉండదు. చక్కెర మడ్డి నుంచో పిండి నుంచో పెద్దపెద్ద ట్యాంకుల్లో బూజు చేసింది అది, చాలావరకు చైనాలో. రసాయన పద్ధతిలో గ్లిసరాల్ నుంచి కూడా సిట్రిక్ చెయ్యొచ్చని 1880లోనే చూపించారు, కానీ ఆ దారిలో ఎవరూ వ్యాపారం చెయ్యలేదు.

మీ నాన్నగారికి ఇది చెప్పు: కాయలో ఉన్న పులుపు కంటే తొక్కలో ఉన్న నూనెకి ధర ఎక్కువ. పడిపోయిన ధరలో కాయని ఏదోలా వాడుకోవాలంటే రసం, ఊరగాయ, తొక్కనూనె వైపు చూడమను. పులుపుని విడిగా తీసి అమ్మే ఆలోచన వదిలెయ్యండి.

చింతపండుదీ అచ్చం ఇదే కథ కాబట్టి తొందరగా ముగిస్తాను. ఈనెలు, గింజలు తీసిన చింతపండులో టార్టారిక్ 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. నిమ్మకాయతో పోలిస్తే ఎన్నో రెట్లు మెరుగు. పద్ధతీ సున్నమే. కాకపోతే చింతపండు మన వంటింటి సరుకు, పప్పుచారులోకి వెళ్ళే ధరకి దాన్ని కొనాలి. ఎనిమిది పది కిలోల చింతపండు కరిగిస్తే కిలో టార్టారిక్. బజారులో ఆ పది కిలోల ధర ఎంతో నాకంటే మీ అమ్మగారే బాగా చెప్తారు. కెమికల్ రూట్‌లో మలేయిక్ అన్‌హైడ్రైడ్‌ని టంగ్‌స్టేట్ కాటలిస్టుతో (రియాక్షన్‌ని వేగంగా నడిపించే పదార్థం) హైడ్రోజన్ పెరాక్సైడ్ పెట్టి టార్టారిక్ చేస్తారు. ఆ దారిలో వచ్చేది కుడి, ఎడమ రూపాలు సగంసగం కలిసిన సరుకు. 1848లో పాశ్చర్ భూతద్దం కింద పట్టకారుతో విడదీసింది ఈ జాతి స్ఫటికాల్నే. కలగలుపు సరుకు నీళ్ళలో తక్కువ కరుగుతుంది, ద్రాక్ష, చింతపండు నుంచి వచ్చినదాని ప్రవర్తన దానికి ఉండదు. అది పెద్ద కంపెనీల పని.

ఇక ఆక్సాలిక్. నీ నాలుగింటిలో నేను గట్టిగా వద్దనేది ఇదే. వీడియోలో చాలా తేలిగ్గా చూపించారని రాశావు, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

చక్కెర మీద నైట్రిక్ యాసిడ్ పోసి ఆక్సాలిక్ చెయ్యడం కూడా షీలేదే, 1776 నాటిది. ఫ్యాక్టరీలో పిండిని ముందు గ్లూకోజ్‌గా విడగొట్టి, సల్ఫ్యూరిక్ సమక్షంలో, వెనేడియం పెంటాక్సైడ్ కాటలిస్టుతో, 65, 70 డిగ్రీల దగ్గర నైట్రిక్‌ని సన్నగా వదులుతారు. వేరే దారులూ ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్‌ని కాస్టిక్ సోడాలోకి ఒత్తిడితో ఎక్కించి సోడియం ఫార్మేట్ చేసి, దాన్ని కాల్చి ఆక్సలేట్‌గా మార్చి, సున్నంతో దింపి, సల్ఫ్యూరిక్‌తో విడిపించడం ఒకటి. మళ్ళీ సున్నం, మళ్ళీ జిప్సం, చూశావుగా. పూర్వం రంపపు పొట్టుని కాస్టిక్‌తో కాల్చి కూడా తీసేవాళ్ళు. చిన్న యూనిట్లవాళ్ళకి మాత్రం పిండి, నైట్రిక్ దారే కనిపిస్తుంది.

స్ఫటికం కట్టే విషయంలో ఆక్సాలిక్ సిట్రిక్ కంటే ఎంతో మంచిది. వేడి ద్రావణాన్ని చల్లబరిస్తే చాలు, అదే దిగుతుంది. కానీ ఎంత చల్లబరచాలి? 10 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 57 గ్రాములే కరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర 178 గ్రాములు కరుగుతుంది. బెజవాడ ఎండాకాలంలో కూలింగ్ టవర్ నీళ్ళు 32, 33 కంటే కిందికి దిగవు. అంటే నీళ్ళని ఇంకా చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకపోతే, స్ఫటికాలు దిగాక మిగిలే ద్రావణం (మదర్ లిక్కర్) ప్రతి లీటరులో వంద గ్రాముల పైన సరుకు ఉండిపోతుంది.

అసలు గండం నైట్రిక్‌తో ఉంది. ఒక కిలో ఆక్సాలిక్ స్ఫటికానికి నైట్రిక్ ఎంత ఖర్చవుతుందో కాగితం మీద వేసి చూడు. వచ్చే వాయువు అంతా నైట్రిక్ ఆక్సైడ్ అయితే ఒక కిలో, అంతా గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ అయితే మూడు కిలోలు. నిజం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఇది నూటికి నూరు ఈల్డ్, అంటే దిగుబడి, వేసుకుని చెప్పిన లెక్క. మామూలుగా ఈల్డ్ 65 శాతం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఆ వాయువుని గాలితో కలిపి, వరసగా నాలుగైదు టవర్లలో నీళ్ళకి పట్టించి, మళ్ళీ నైట్రిక్‌గా రాబట్టుకోవాలి. రాబట్టుకున్నవాడికే లాభం. టవర్లు పెట్టలేనివాడు ఆ పొగని ఊరిమీదికి వదులుతాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇదే చేసేవాళ్ళు. పేరు చెప్పను, అది ఇప్పుడు లేదు. ఒక రాత్రి షిఫ్టులో పిండి ద్రావణంలోకి నైట్రిక్ వదలడం మొదలుపెట్టాం. ఈ రియాక్షన్‌కి ఒక చెడ్డ గుణం ఉంది, మొదట్లో మొద్దునిద్ర పోతుంది. యాసిడ్ పడుతూ ఉంటుంది, థర్మామీటరు కదలదు, పొగ రాదు. రియాక్షన్ ఇంకా అందుకోలేదనుకుని ఆపరేటరు వాల్వు ఇంకొంచెం తిప్పాడు. నేను పక్క ట్యాంకు శాంపిల్ తీస్తున్నాను. ఒక్కసారిగా 50 మీద ఉన్న ముల్లు 60, 70, 85 అని పరిగెత్తింది. మ్యాన్‌హోల్ మూత అంచుల నుంచి ఇటుకరంగు పొగ బుసబుసా తన్నుకొచ్చింది. అప్పటిదాకా పడిన నైట్రిక్ అంతా లోపల పనిలేకుండా కూర్చుని ఉంది కదా, అదంతా ఒక్కసారి లేచింది. ట్యాంకు చుట్టూ ఉండే చల్లనీళ్ళ జాకెట్‌లో నీళ్ళు పూర్తిగా వదిలినా ఆగలేదు. పొగని కడిగే స్క్రబ్బరు పైపు ఒకటిన్నర అంగుళాలది, ఆ పొగకి ఏమూలకి?

ఆపరేటరు వాల్వు కట్టేసి బయటికి వచ్చాడు. నాలుగుసార్లు దగ్గాడు. మొహం కడుక్కుని, టీ తాగి, బాగానే ఉన్నానని సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం నిద్రలో ఊపిరాడక లేచాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నైట్రోజన్ డయాక్సైడ్ అలాగే చేస్తుంది, పీల్చిన వెంటనే పెద్దగా బాధపెట్టదు, గంటల తర్వాత చూపిస్తుంది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు. వాణ్ణి ఇంటికి పంపించింది నేను. ఆ పొగ పీల్చినవాణ్ణి బాగున్నా సరే కనీసం ఒక రోజంతా డాక్టర్ల కళ్ళముందే ఉంచాలని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది నీకు చెప్తున్నాను. గోధుమ పొగ మొదలవడం కళ్ళతో చూడకుండా రెండో లీటరు నైట్రిక్ వదలకూడదు. ఇవన్నీ తెలిసినవాడు కూడా పాతిక లక్షల్లో దీన్ని క్షేమంగా కట్టలేడు.

ఎసిటిక్ విషయం. మన దగ్గర ఆల్కహాల్ దారికి మంచి చరిత్రే ఉంది. చెరకు పిండితే పంచదార, మిగిలిన మడ్డి పులియబెడితే ఆల్కహాల్, ఆల్కహాల్ ఆవిరిని వేడి వెండి కాటలిస్టు మీదుగా పంపితే ఎసిటాల్డిహైడ్, దానిలోకి మాంగనీస్ ఎసిటేట్ సమక్షంలో గాలి ఊదితే ఎసిటిక్. తణుకులో ఆంధ్రా షుగర్స్‌వాళ్ళు చెరకు నుంచి మొదలుపెట్టి ఆస్పిరిన్ దాకా వెళ్ళారు. మన తెలుగువాళ్ళు గర్వపడాల్సిన సంగతి అది. ప్రపంచం మాత్రం ఈలోపు దారి మార్చేసింది. మిథనాల్‌కి కార్బన్ మోనాక్సైడ్ తగిలిస్తే ఒకే అడుగులో ఎసిటిక్. 1960లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కోబాల్టుతో చేసినప్పుడు 250 డిగ్రీలు, దాదాపు 700 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావలసివచ్చింది. 1970లో మోన్‌శాంటో రోడియం, అయొడైడ్ జంటతో 30 నుంచి 60 అట్మాస్ఫియర్లకి దించి, మిథనాల్‌లో నూటికి 99 పాళ్ళు ఎసిటిక్‌గా మార్చింది. 1996లో బీపీ ఇరిడియం తెచ్చింది. మన దేశంలో భరూచ్‌లో జీఎన్‌ఎఫ్‌సీ ఈ మిథనాల్ దారిలోనే చేస్తోంది. దీనితో చిన్న యూనిట్ పోటీపడే ప్రశ్నే లేదు.

ఇక్కడా నీళ్ళ బాధ ఉంది. ఎసిటిక్ 118 డిగ్రీలకి మరుగుతుంది, నీళ్ళు 100కి. చాలా తేడా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఆవిరిలో రెండూ కలిసే ఎక్కుతాయి. ఉత్తి డిస్టిలేషన్‌తో విడదీయాలంటే కాలమ్ ఎంత ఎత్తు కట్టినా ఆవిరి బిల్లు మింగేస్తుంది. అందుకే ఈథైల్ ఎసిటేట్ లాంటి సాల్వెంటుని తోడు పెట్టి నీళ్ళని లాగుతారు. ట్యాంకు కట్టించేటప్పుడు ఆటోనగర్‌లో 304 స్టీలు చాలంటారు. వేడి ఎసిటిక్‌కి 316 తప్పదు, నా మాట విను. నీళ్ళు లేని గ్లేసియల్ ఎసిటిక్ 16.6 డిగ్రీలకి గడ్డ కడుతుంది. బెజవాడలో అది మామూలుగా గుర్తుకి రాదు. ఒక జనవరిలో ఉత్తరాది మీదుగా వచ్చిన ట్యాంకరు వాల్వు ఎంత తిప్పినా చుక్క రాలేదు. లోపల అడుగున తెల్లగా గడ్డ. డ్రైవరు కింద మంట పెడతానన్నాడు. ఎసిటిక్ ఆవిరి 39, 40 డిగ్రీల దగ్గరే అంటుకుంటుందని చెప్పి ఆపి, గోనెసంచులు చుట్టి రెండు గంటలు వేడినీళ్ళు పోయించాను.

ఎవరైనా ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ చెయ్యమని సలహా ఇస్తే ఆ మాటే వినకు. మాదకద్రవ్యాల చట్టం కింద అది నియంత్రిత పదార్థం. లాక్టిక్‌కి రసాయన పద్ధతి ఉంది కానీ ఎసిటాల్డిహైడ్ మీద హైడ్రోజన్ సైనైడ్ వాడాలి. ఇంక చెప్పేదేముంది?

ఇప్పటిదాకా అన్నీ వద్దన్నాను. కావాల్సింది కూడా నీళ్ళ లెక్కలోనే దొరుకుతుంది. సిట్రిక్, టార్టారిక్, ఎసిటిక్ నీళ్ళంటే ప్రాణం పెడతాయి, అందుకే ఇంత గొడవ. నీళ్ళంటే గిట్టని ఆర్గానిక్ యాసిడ్లు కూడా ఉన్నాయి. సోడియం బెంజోయేట్ ద్రావణంలో కాస్త సల్ఫ్యూరిక్ వేస్తే బెంజోయిక్ మంచులా రాలిపడుతుంది. లీటరు నీళ్ళలో మూడున్నర గ్రాములకి మించి కరగదు. నూనెల్లో ఉండే ఫ్యాటీ యాసిడ్లు ఇంకా మేలు, అవి పైకి తేలతాయి. తేలినదాన్ని గరిటెతో తీసుకున్నట్టు తీసుకోవడమే.

గుంటూరు చుట్టూ ఏముంది? పత్తి ఉంది, పత్తిగింజల నూనె మిల్లులు ఉన్నాయి. కృష్ణా డెల్టా అంతా వరి, అంటే తవుడునూనె. ఈ ముడినూనెల్ని కాస్టిక్‌తో రిఫైన్ చేసినప్పుడు సోప్‌స్టాక్ అనే ముద్ద దిగుతుంది. సగం సబ్బు, కొంత నూనె, నీళ్ళు, జిగురు. తవుడునూనెలో అయితే ఇది మరీ ఎక్కువ. ధాన్యం మరపట్టిన కొన్ని గంటల్లోనే తవుడులోని ఎంజైము నూనెని కోసి ఫ్యాటీ యాసిడ్‌గా మార్చడం మొదలుపెడుతుంది. తవుడుని వెంటనే వేడిచెయ్యని మిల్లులో నూనె పుల్లబడిపోతుంది. ఆ సోప్‌స్టాక్‌లోకి నేరుగా ఆవిరి వదిలి (ఓపెన్ స్టీమ్) 90 డిగ్రీలకి తెచ్చి, పలచటి సల్ఫ్యూరిక్ వదిలి, పీహెచ్ 3కి దించి, రాత్రంతా కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి పైన యాసిడ్ ఆయిల్, కింద ఉప్పునీళ్ళు. సబ్బులవాళ్ళు, ఫ్యాటీ యాసిడ్ డిస్టిల్ చేసేవాళ్ళు, బయోడీజిల్‌వాళ్ళు కొంటారు. టీఎఫ్‌ఎం, అంటే అందులో మొత్తం కొవ్వు ఎంత శాతమో, చూసి ధర కడతారు.

లెక్క చూడు. సిట్రిక్‌కి 100 కిలోలకి 77 కిలోల సల్ఫ్యూరిక్ పట్టింది, 134 కిలోల జిప్సం మిగిలింది. ఇక్కడ 100 కిలోల ఫ్యాటీ యాసిడ్‌కి సల్ఫ్యూరిక్ 17 కిలోలు, సోడియం సల్ఫేట్ 25 కిలోలు. చిక్కబరచడం, చిల్లర్, సెంట్రిఫ్యూజ్ ఏవీ అక్కర్లేదు. కష్టాలు లేవని కాదు. పత్తిగింజ సరుకు ఆ గింజలోని గాసిపాల్ అనే రంగు పదార్థం వల్ల నల్లగా వస్తుంది, ధర కోస్తారు. నూనెకీ నీళ్ళకీ మధ్య జిగురు పొర ఒకటి నిలబడి, పైకీ పోదు కిందికీ దిగదు. ఆ మధ్యపొర ఎంత సన్నగా ఉంటే నీకు అంత లాభం. కింది నీళ్ళు పుల్లగా, ఉప్పగా, సీఓడీ (నీళ్ళలోని మలినాల కొలత) ఎక్కువగా ఉంటాయి. సున్నంతో పులుపు పోతుంది గానీ సోడియం సల్ఫేట్ పోదు. వాటిని పొలానికి గానీ కాలవకి గానీ వదలకూడదు. మీ తోట బోరు కూడా ఆ భూమిలోదే. ట్రీట్‌మెంటుకి డబ్బు ముందే పక్కన పెట్టుకుని, మిగిలినదాంతో ట్యాంకులు కొను.

అంతకంటే చిన్నగా, ఇంకా శుభ్రంగా మొదలుపెట్టాలంటే యాసిడ్ తయారు చెయ్యకు, కొను. కొని సాల్టు చెయ్యి. 60 కిలోల ఎసిటిక్‌ని సోడా యాష్‌తో (సోడియం కార్బొనేట్) కలిపితే 136 కిలోల సోడియం ఎసిటేట్ స్ఫటికం వస్తుంది. మిగతా బరువు సోడియంది, స్ఫటికం పట్టుకున్న నీళ్ళది. నీళ్ళు మనకి సాయపడే చోటు ఇదొక్కటే. అద్దకంవాళ్ళూ తోళ్ళవాళ్ళూ వాడతారు. సోడా యాష్ మెల్లగా వెయ్యాలి, లేకపోతే పాలపొంగులా పొంగి కిందపోతుంది. ఆరబెట్టేటప్పుడు 58 డిగ్రీలు దాటనివ్వకు, తన నీళ్ళలోనే తను కరిగిపోయి ట్రే అంతా పాకం అవుతుంది. సోడియం సిట్రేట్, సోడియం బెంజోయేట్ కూడా ఇలాగే చెయ్యొచ్చు. ఊరగాయలవాళ్ళు బెంజోయేట్ కొంటారు, కాకపోతే తినేవాటిలోకి వెళ్ళే సరుకుకి ఫుడ్ గ్రేడ్ లైసెన్సూ ఆ శుభ్రతా రెండూ ఉండాలి.

అనుమతుల సంగతి ఒక్క మాట. పొల్యూషన్ బోర్డు సీఎఫ్‌ఈ, అంటే యూనిట్ కట్టడానికి ఇచ్చే అనుమతి, చేతికి రాకుండా పునాది తవ్వకు. సీఎఫ్‌ఓ, అంటే నడపడానికి ఇచ్చే అనుమతి, రాకుండా స్టీమ్ వదలకు. సింథటిక్ ఆర్గానిక్ కెమికల్స్ అనే మాట కిందికి వచ్చే సరుకైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కూడా అడుగుతారు. సాల్టులూ యాసిడ్ ఆయిలూ ఏ కోవలోకి వస్తాయో స్థలం అగ్రిమెంటు రాసుకునే ముందే బోర్డు ఆఫీసులో కాగితం మీద రాయించుకో, నోటిమాట నమ్ముకోకు.

ముందు ఒక పని చెయ్యి. ఏదైనా నూనె మిల్లు నుంచి ఐదు కిలోల సోప్‌స్టాక్ తెచ్చుకో. కిలో చొప్పున పెద్ద గాజు బీకరులో తీసుకుని, అంతే నీళ్ళు కలిపి, మరుగు రాకుండా 90 దగ్గర నిలబెట్టు. పది శాతం సల్ఫ్యూరిక్‌ని సన్నగా వదులు. యాసిడ్‌ని నీళ్ళలోకే పొయ్యాలి, నీళ్ళని యాసిడ్‌లోకి కాదు. నీకు తెలుసు, అయినా రాస్తున్నాను. కళ్ళద్దాలు, గ్లౌజులు మర్చిపోకు. ఒక బీకరు పీహెచ్ 4 దగ్గర, ఒకటి 3 దగ్గర, ఒకటి 2 దగ్గర ఆపి రాత్రంతా కదపకుండా ఉంచు. పొద్దున్నే స్కేలు పెట్టి మూడు పొరల మందం కొలువు. కింది నీళ్ళ పీహెచ్, టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) చూడు. మధ్యపొర ఏ బీకరులో సన్నగా వచ్చిందో ఆ అంకెలు ఇక్కడే రాయి. అవి చూశాక ట్యాంకు సైజు, స్టీమ్ ఎంత కావాలో కూర్చుని లెక్క వేద్దాం.